ఒకే కాల్షియం సీసా: ఒక కుక్కపిల్లకు మందు, ఇంకో కుక్కపిల్లకు చేటు

హైదరాబాద్‌లో ల్యాబ్రడార్ పిల్లనో జర్మన్ షెపర్డ్ పిల్లనో ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి నెలలోనే రెండు రకాల మాటలు వింటారు. పిల్లను అమ్మినతను కాల్షియం సీసా కూడా చేతిలో పెట్టి, "పెద్ద జాతి సార్, ఎముక గట్టిపడాలి, పొద్దున ఐదు ఎంఎల్, సాయంత్రం ఐదు ఎంఎల్ మరిచిపోకండి" అంటాడు. టీకాకు తీసుకెళ్తే డాక్టరేమో "డ్రై ఫుడ్ తింటోందా? అయితే కాల్షియం ఆపెయ్యండి" అంటారు. పై అంతస్తులో ఉండే రాట్‌వైలర్ పిల్లకు మాత్రం అదే డాక్టర్ కాల్షియం రాసి ఉంటారు. దాంతో ఎవరి మాట వినాలో తెలియక చాలామంది మధ్యేమార్గంగా సగం డోసు వేస్తుంటారు.

నిజానికి ఆ డాక్టర్ చెప్పిన రెండు మాటల మధ్య వైరుధ్యమేమీ లేదు. జవాబు సీసాలో దొరకదు, పిల్ల తినే గిన్నెలో దొరుకుతుంది. గిన్నె చూడకుండా కాల్షియం వెయ్యమనడమూ మానమనడమూ రెండూ గుడ్డి లెక్కలే. అసలు లెక్క కష్టమేమీ కాదు, సెల్‌ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు.

పెద్ద జాతి అంటే ఎంత పెద్ద?

పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు రాసే అమెరికా సంఘం ఆఫ్కో ఒక గీత గీసింది. పూర్తిగా ఎదిగాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, అంతకు మించి తూగే కుక్కలది పెద్ద జాతి. జర్మన్ షెపర్డ్ మగది, రాట్‌వైలర్, గ్రేట్ డేన్, కేన్ కోర్సో ఈ లెక్కలోకి వస్తాయి. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ గీత మీదే ఉంటాయి కాబట్టి వాటినీ పెద్ద జాతిగా చూసుకోవడమే మేలు.

ఈ తేడా ఎందుకంటే ఎదిగే వేగం వల్ల. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు ఆరేడు వందల గ్రాములుంటుంది. ఏడాదిన్నర తిరిగేసరికి 60 కిలోలు దాటుతుంది, అంటే దాదాపు నూరు రెట్లు. మనిషి బిడ్డ మూడు కిలోల నుంచి 60 కిలోలకు, అంటే ఇరవై రెట్లకు, రావడానికి పదిహేడు పద్దెనిమిదేళ్లు పడుతుంది. అంత తొందరలో కడుతున్న ఎముక మీద బరువు కూడా అంతే తొందరగా పడుతుంది. చిన్న జాతి పిల్ల తట్టుకునే పొరపాటును పెద్ద జాతి పిల్ల తట్టుకోలేదు.

ఎక్కువైతే ఒంట్లో ఏం జరుగుతుంది

ఎదిగిన కుక్కకు కాల్షియం ఎక్కువ పెడితే పేగు తనకు కావలసినంతే తీసుకుని మిగతాది మలంలోకి వదిలేస్తుంది. దాదాపు ఆరు నెలల లోపు పిల్లల్లో ఈ అదుపు సరిగా ఉండదు. గిన్నెలో ఎంత ఎక్కువుంటే రక్తంలోకి అంత ఎక్కువ దిగుతుంది. రక్తంలో కాల్షియం పెరగకుండా శరీరం హార్మోన్లతో దాన్ని ఎముకలోకి నెడుతుంది, ఎముకను కరిగించి మళ్లీ కట్టే పనిని నెమ్మది చేస్తుంది. ఎముక పొడవు పెరిగేది దాని చివర ఉండే మృదులాస్థి పొర దగ్గర, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. అక్కడ మృదులాస్థి ఎప్పటికప్పుడు ఎముకగా మారుతూ ఉండాలి. ఆ మార్పిడి ఆలస్యమైతే మెత్తటి ముద్ద మెత్తగానే మిగిలిపోతుంది.

ఇది బాగా కనిపించేది ముందుకాలి మణికట్టు దగ్గర. మన ముంజేతిలో లాగే అక్కడ రేడియస్, అల్నా అని రెండు ఎముకలు పక్కపక్కనే పెరుగుతాయి. అల్నా కింది చివర మృదులాస్థి ఎముకగా మారక నిలిచిపోతే అల్నా వెనకబడుతుంది, రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒక కొస బిగించి కట్టిన వెదురుబద్ద విల్లులా వంగినట్టు రేడియస్ ముందుకు వంగుతుంది. పాదం బయటికి తిరుగుతుంది.

1980లలో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లల మీద దీన్ని పరీక్షించారు. నీటి శాతం తీసేసి లెక్కిస్తే ఒక గుంపు ఆహారంలో కాల్షియం 1.1 శాతం, ఇంకో గుంపుకు 3.3 శాతం. ఎక్కువ తిన్న పిల్లలకే ఎముక, కీళ్ల దోషాలు ఎక్కువగా వచ్చాయి. పెద్ద జాతి పిల్లల ఆహారానికి ఆఫ్కో ఇప్పుడు పెట్టిన పై గీత 1.8 శాతం, అంటే ప్రతి 1000 క్యాలరీలకు 4.5 గ్రాములు. కింది గీత 3 గ్రాములు. ఈ 3 నుంచి 4.5 మధ్య ఉన్న సందే మనకు ముఖ్యం. పై గీత దాటిన మర్నాడే కాళ్లు వంకరపోవు. అది జాగ్రత్త కోసం కాస్త కిందే గీసిన గీత. కానీ నెలల తరబడి రోజూ దాటుతూ పోవడం వేరే సంగతి.

ఇంకో నష్టం గురించి తక్కువ మంది చెబుతారు. మితిమీరిన కాల్షియం పేగులో జింకును పట్టుకుని ఒంటికి అందనివ్వదు. వేగంగా పెరిగే పిల్లలకు మూతి చుట్టూ, కళ్ల చుట్టూ పొలుసులు కట్టడానికి ఇదీ ఒక కారణం. దాన్ని గజ్జి అనుకుని షాంపూలు మారుస్తూ ఉంటారు.

తక్కువైతే ఏం జరుగుతుంది

ఇక్కడ దారి వేరు. తిండిలో కాల్షియం చాలకపోతే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లో దాచిన కాల్షియాన్ని తోడి రక్తంలో పోస్తుంది. ఎముక గోడ పలచబడుతుంది. పిల్ల నడవడానికి బద్ధకిస్తుంది, ఎత్తుకుంటే కుయ్యిమంటుంది, సోఫా మీంచి దూకినంత మాత్రానికే ఎముక మడతపడినట్టు విరుగుతుంది.

చిక్కుముడంతా ఇక్కడే. ఎక్కువైనా కాళ్లు వంగుతాయి, కుంటుతుంది. తక్కువైనా కాళ్లు వంగుతాయి, కుంటుతుంది. పైకి చూస్తే ఒకటే. డ్రై ఫుడ్‌తో పాటు సీసా కూడా తాగుతున్న పిల్ల కాళ్లు వంగడం చూసి ఇంట్లోవాళ్లు కాల్షియం చాల్లేదనుకుని డోసు పెంచుతారు. రక్తపరీక్ష కూడా ఈ ముడి విప్పదు. రెండు సందర్భాల్లోనూ రక్తంలో కాల్షియం సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది, ఎందుకంటే శరీరం ఎముకను పణంగా పెట్టైనా ఆ అంకెను నిలబెడుతుంది. తేడా చూపేది ఎక్స్‌రే, దాంతో పాటు రోజువారీ తిండి వివరం. పశువైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆహారం సంచి లేబుల్‌కూ మందు సీసాకూ ఫొటో తీసుకెళ్లడం వల్ల పని సగం తేలికవుతుంది.

మొదటి గిన్నె: డ్రై ఫుడ్

ఐదు నెలల పిల్ల, బరువు 20 కిలోలు అనుకుందాం. ముందు క్యాలరీలు చూడాలి. బరువును మూడుసార్లు వేసి గుణించాలి: 20 × 20 × 20 = 8000. వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కితే 9.46. దాన్ని 70తో గుణిస్తే 662. ఇది ఊరికే పడుకున్నా ఒంటికి అవసరమయ్యే శక్తి. నాలుగు నెలలు దాటిన పిల్లకు దీనికి రెండింతలు, నాలుగు నెలల లోపు పిల్లకు మూడింతలు సుమారుగా కావాలి. మన పిల్లకు 1324 క్యాలరీలు.

సంచి మీద 100 గ్రాములకు 370 క్యాలరీలు, కాల్షియం 1.4 శాతం అని ఉందనుకుందాం. రోజుకు 360 గ్రాములు పెడితే 1332 క్యాలరీలు, 5.04 గ్రాముల కాల్షియం. 1000 క్యాలరీలకు లెక్కకడితే 3.78 గ్రాములు. అంటే 3కూ 4.5కూ మధ్యలో చక్కగా కూర్చుంది. ఇప్పుడు మందుల షాపు నుంచి మనుషుల కాల్షియం మాత్రలు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములవి, రోజుకు రెండు వేస్తే మొత్తం 6.04 గ్రాములు. 1000 క్యాలరీలకు 4.53. రెండే మాత్రలతో పై గీత దాటేసింది. సీసాలో విటమిన్ డి కూడా ఉంటే అదీ అదనంగా పడుతున్నట్టే.

లేబుల్ చదివేటప్పుడు రెండుచోట్ల పొరపాటు పడతారు. సంచి మీద "కనీసం" అని రాస్తే అది కింది హద్దు మాత్రమే, లోపల అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకే పెద్ద జాతి పిల్లల కోసమని స్పష్టంగా రాసిన సంచి ఎంచుకోవడంలో అర్థముంది. మాత్ర మీదేమో 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఇక కొన్ని షాపుల్లో కిలోల లెక్కన తూచి ఇచ్చే విడి ఆహారానికి లేబులే ఉండదు, కాబట్టి లెక్కా కుదరదు.

రెండో గిన్నె: చికెన్, అన్నం, పెరుగు

మన ఇళ్లలో పెట్టే మామూలు గిన్నె ఇది. బోన్‌లెస్ చికెన్ 400 గ్రాములు, వండిన అన్నం 500 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, ఒక గుడ్డు. క్యాలరీలు సుమారు 1300, మన పిల్లకు సరిగ్గా సరిపోతాయి. పిల్ల ఆవురావురుమని తింటుంది, బొచ్చు మెరుస్తుంది, బరువు పెరుగుతుంది. కాబట్టి లోటు ఉందన్న అనుమానమే రాదు.

కాల్షియం కూడి చూస్తే చికెన్‌లో 100 గ్రాములకు పది పదిహేను మిల్లీగ్రాములు, అన్నంలో అంతకన్నా తక్కువ. కాస్తో కూస్తో ఇచ్చేది పెరుగు, గుడ్డు. గిన్నె మొత్తానికి పావు గ్రాము చుట్టుపక్కల. 1000 క్యాలరీలకు కనీసం 3 గ్రాముల లెక్కన కావలసింది 3.9 గ్రాములు. అందులో ఉన్నది పదిహేనో వంతు! పైగా ఇదే గిన్నెలో ఫాస్ఫరస్ 1.2 గ్రాముల దాకా ఉంటుంది. కాల్షియం ఫాస్ఫరస్‌కు కనీసం సమానంగా, ఎక్కువలో ఎక్కువ రెండింతలుండాలి. ఇక్కడేమో తలకిందులుగా ఫాస్ఫరసే నాలుగైదు రెట్లుంది. పాలన్నం, మాంసం మీదే పెరిగిన పిల్లలకు సీసా ఇవ్వడం ఎందుకు అలవాటైందో దీన్నిబట్టి తెలుస్తుంది. వాటికి అది నిజంగానే కావాలి.

ఈ లోటు పూడ్చడానికి ఇళ్లలో వాడేవన్నీ ఒకసారి తూకం వేద్దాం.

రాగులు మంచి పేరున్నవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ధాన్యాల్లో ఇది చాలా ఎక్కువే. అయినా 3.9 గ్రాములు రావాలంటే కిలోకు పైగా రాగిపిండి కావాలి, అంటే 3400 క్యాలరీలు. రాగిలోని ఫైటేట్లు అందులోనూ కొంత అందనివ్వవు. రాగిజావ మంచి తిండే, కాల్షియం మందుగా మాత్రం సరిపోదు. పాలైతే లీటరుకు 1.2 గ్రాములు, కాబట్టి మూడు లీటర్లకు పైగా తాగించాలి. అంతకు ముందే విరేచనాలు పట్టుకుంటాయి.

పాయా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో కాళ్లు బలపడాలంటే మొదట గుర్తొచ్చేది అదే. మేకకాళ్లను రాత్రంతా మరిగించినా ఎముకలోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. చల్లారాక జెల్లీలా గడ్డకట్టేది కొలాజెన్ నుంచి వచ్చిన జెలటిన్. మన కోసం వండిన పాయా అయితే అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కూడా. ఉడికిన ఎముకే నమలనిస్తే పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకునే ప్రమాదం.

గుడ్డుపెంకు పొడి చవకైనదీ నిజంగా పనిచేసేదీ. ఒక పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, రెండు పెంకులతో లోటు తీరిపోతుంది. కానీ పెంకులో ఫాస్ఫరస్ దాదాపు లేదు. ఇప్పుడు కాల్షియం 4.2, ఫాస్ఫరస్ 1.2 అయింది, అంటే మూడున్నర రెట్లు. రెండింతల హద్దు దాటింది. ఫాస్ఫరస్ కూడా 3 గ్రాములకు పైగా కావాలి మరి. ఈ కారణంగానే ఇంటితిండికి బోన్‌మీల్ లాంటి, కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ ఉన్న పొడి రాస్తారు. దాంతో పాటు జింకు, రాగి ధాతువు, అయోడిన్, విటమిన్ డి, ఇ కూడా.

ఎండలో కట్టేస్తే డి విటమిన్ వచ్చేస్తుందన్న నమ్మకం మనుషుల విషయంలో సరైనది. కుక్క చర్మం దాన్ని తగినంత తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఏప్రిల్ ఎండలో డాబా మీద కట్టేసిన పిల్లకు దక్కేది వడదెబ్బే.

మూడో గిన్నె: సగం సగం

చాలా ఇళ్లలో ఉన్నది ఇదే: పొద్దున డ్రై ఫుడ్, రాత్రి చికెన్ అన్నం. అన్నీ అందుతాయన్న ధీమా. లెక్క చూస్తే 180 గ్రాముల డ్రై ఫుడ్‌తో 2.52 గ్రాములు, సగం ఇంటితిండితో 0.13. మొత్తం 2.65 గ్రాములు, 1000 క్యాలరీలకు 2 గ్రాములు. కింది గీతకు దిగువన ఉంది. ఈ పిల్లకు సీసా వేస్తే మరీ తప్పు కాకపోవచ్చు గానీ ఎంత వెయ్యాలో ఊహతో చెప్పలేం. మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాకా ఇంటితిండి కలిపితే తూకం పెద్దగా చెదరదు. మన పిల్లకు అది 130 క్యాలరీలు, అంటే ఒక గుడ్డు, కాసిన్ని చికెన్ ముక్కలు.

ఇంటితిండి మంచిదా, సంచి తిండి మంచిదా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. ఇంటితిండి వైపువాళ్లు తాజాదనం గురించీ లోపల ఏముందో తెలియడం గురించీ చెబుతారు, ఆ మాట నిజమే. సంచి వైపువాళ్లు తూకం గురించి చెబుతారు, అదీ నిజమే. ఎదిగిన కుక్కకు రెండు దారుల్లోనూ వెసులుబాటుంది. ఆరు నెలల లోపు పెద్ద జాతి పిల్లకు ఆ వెసులుబాటు చాలా తక్కువ. ఇంట్లోనే వండాలనుకుంటే రెసిపీని గ్రాముల్లో జంతు పోషణ తెలిసిన వైద్యుడి చేత రాయించుకోవాలి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ లాంటి చోట అడగవచ్చు.

బొద్దుగా ఉంటే ముద్దే, కానీ

కాల్షియం గురించి ఇంత చర్చ జరుగుతుంటే అంతకన్నా మామూలు కారణం పక్కకు పోతోంది: మొత్తం తిండే ఎక్కువ కావడం. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. 2002లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్న గుంపుది 11.2. తుంటి కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలోనే తక్కువ, ఆలస్యం. పిల్ల చివరికి ఎంత ఎత్తు అవుతుందన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా పెరిగినా ఆ ఎత్తుకు చేరుతుంది.

ప్రోటీన్ ఎక్కువైతే "వేడి చేసి" కాళ్లు వంగుతాయని చికెన్ తగ్గించేవాళ్లున్నారు. గ్రేట్ డేన్ పిల్లల మీద దీన్నీ పరీక్షించారు, ప్రోటీన్ తప్పేమీ తేలలేదు.

పిల్ల పక్కటెముకలు తడిమి మన చేతితో పోల్చి చూసుకోండి: పిడికిలి కణుపుల్లా ఎగుడుదిగుడుగా తగిలితే పిల్ల బక్కచిక్కింది. అరచెయ్యిలా మెత్తగా, ఎముక తెలియకుండా ఉంటే బరువెక్కువ. వేళ్లు చాచి చేతి వెనక భాగం మీద రాస్తే ఎముక తెలుస్తూ పైన పలచటి పొర తగులుతుంది కదా, పక్కటెముకలు అలా తగలాలి. గిన్నెతోనో కప్పుతోనో కొలిస్తే రోజుకొక రకంగా పడుతుంది, వంటింటి తూకం వాడాలి. బరువు వారానికోసారి, ముందు మనం ఒక్కరం మిషన్ ఎక్కి, తర్వాత పిల్లను ఎత్తుకుని ఎక్కి తీసివేస్తే చాలు. బరువు పెరిగేకొద్దీ పై లెక్క మళ్లీ వెయ్యాలి.

నేల, మెట్లు, నడక

రెండు మూడు నెలల పిల్లకు మణికట్టు దగ్గర లావుగా ముడి కనిపించడం పెద్ద జాతుల్లో మామూలే, అది గ్రోత్ ప్లేట్. దాన్ని రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, అనుకుని కంగారు పడతారు. పంజా వేళ్లు విచ్చుకుని, మణికట్టు కిందికి జారినట్టు నిలబడడం కూడా రెండు నుంచి నాలుగు నెలల మధ్య తరచూ కనిపిస్తుంది. దీనికి నున్నటి నేల ఆజ్యం పోస్తుంది. కాలింగ్ బెల్ మోగగానే విట్రిఫైడ్ టైల్స్ మీద ఉరికే పిల్లను గమనించండి: ముందుకాళ్లు పట్టు కోసం పక్కలకు పరుచుకుంటాయి, వెనక కాళ్లు చీలిపోతాయి. రోజుకు యాభైసార్లు అదే. వేసవిలో బయట రోడ్డు కాలుతుంది కాబట్టి రోజంతా ఆ టైల్స్ మీదే. అది తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లో గోనెసంచులో పరిచి, గోళ్లూ అరికాలి బొచ్చూ కత్తిరిస్తే చాలావరకు సమతుల ఆహారంతోనే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున మాత్రమే నడిపించాలన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారమేమీ లేదు. నార్వేలో పెద్ద జాతుల మీద జరిగిన అధ్యయనంలో మొదటి మూడు నెలల్లో రోజూ మెట్లెక్కిన పిల్లలకు తుంటి కీలు వదులు దోషం, అంటే హిప్ డిస్‌ప్లేసియా, ముప్పు ఎక్కువగానూ, మెత్తటి నేల మీద తాడు లేకుండా ఆడుకున్న పిల్లలకు తక్కువగానూ కనిపించింది. కాబట్టి లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో నెల దాకా ఎత్తుకుని దిగడం సబబే, ఆటను ఆపడం కాదు. 2018లో జీహెచ్‌ఎంసీ కొండాపూర్‌లో తెరిచిన డాగ్ పార్క్ లాంటి పచ్చిక చోట్లు ఇందుకు బాగుంటాయి, కాకపోతే టీకాలన్నీ పూర్తయ్యాకే.

కుంటినంత మాత్రాన కాల్షియమేనా?

ఐదు నుంచి పన్నెండు నెలల మధ్య, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లో, ఈ వారం ఒక కాలు, వచ్చే వారం ఇంకో కాలు కుంటితే అది పాన్‌ఆస్టియైటిస్ అనే ఎముకల వాపు జబ్బు కావొచ్చు. నొప్పి ఉంటుంది గానీ దానంతట అదే తగ్గుతుంది. మూడు నుంచి ఆరు నెలల పిల్లకు మణికట్టు వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే అది హెచ్‌ఓడీ అనే వేరే జబ్బు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. కుంటితో పాటు జ్వరం, నీరసం ఉండి ఒంటి మీద పిడుదులు దొరికితే పిడుదు జ్వరానికి రక్తపరీక్ష తప్పనిసరి, ఈ ఊళ్లో అది అరుదేమీ కాదు. వీటిలో దేనికీ కాల్షియం సీసా మందు కాదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏ వయసులో చెయ్యాలన్న దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. గ్రోత్ ప్లేట్లు మూసుకోవడానికి సంకేతమిచ్చేవి లైంగిక హార్మోన్లే. ఏడాది లోపు ఆపరేషన్ చేసిన గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్‌లలో కీళ్ల జబ్బులు ఎక్కువగా కనిపించాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చూపారు. గ్రేట్ డేన్‌లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. ఇటువైపు ఆపరేషన్ చెయ్యకపోతే ఆడకుక్కకు గర్భసంచి చీము, రొమ్ము గడ్డల ముప్పు, అక్కరలేని కాన్పు ఉన్నాయి. కాబట్టి జాతి, లింగం, ఇంటి పరిస్థితి చూసి తేల్చాల్సిన విషయమిది.

పెద్ద జాతుల్లో గ్రోత్ ప్లేట్లు సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య మూసుకుంటాయి. ఎదిగిన కుక్క ఆహారంలో కాల్షియానికి ఆఫ్కో కింది గీత 0.5 శాతమే. పిల్లల ఆహారం నుంచి పెద్దల ఆహారానికి మారేది ఆ వయసు చుట్టుపక్కలే, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ ఏడు నుంచి పది రోజుల్లో.